మరల మరల వచ్చు తెల్లబట్ట – శరీరమున కావలి మాంసకృత్తులు

మన యిండ్లలో స్త్రీలు ఎవరితోను చెప్పుకొనక లోలోపల సహించు వ్యాధులు కొన్ని కలవు. యోనియందు ఈస్టు అను బూజు జాతి సూక్ష్మజీవి వలన కలుగు వ్యాధి అందొకటి. తీవ్రమైన దురద, మంట, విరిగిన పాల వంటి తెల్లని స్రావము, మూత్రము పోయునపుడు చుఱుకు దీని లక్షణములు. ఇది ప్రాణము తీయు వ్యాధి కాదు. తగిన మందు కొలది దినములు వాడినచో సాధారణముగా తగ్గును. కాని కొందఱికి తగ్గినది మరల వచ్చును. ఏడాదిలో మూడు పర్యాయములు గాని అంతకు మించి గాని వచ్చినచో దానిని పునరావృత వ్యాధి యని వైద్యులు వ్యవహరింతురు. ప్రతి నలుగురు స్త్రీలలో సుమారు ముగ్గురు తమ జీవితమున ఒక్కసారియైనను ఈ వ్యాధిని ఎఱుగుదురు. మరల మరల బాధపడువారు ప్రపంచమున ఏటేట 13 కోట్ల 80 లక్షల మంది యుందురని 2018లో ప్రకటింపబడిన ఒక అంచనా తెలుపుచున్నది.

ఇట్టి విషయము పాఠశాల వార్షిక సంచికలో వ్రాయదగునా యని కొందఱు పెద్దలు సంశయింపవచ్చును. మన సంచికను విద్యార్థులు మాత్రమే చదువరు. వారి తల్లులు, అక్కలు, వదినెలు, ఏనాడో మన బడి విడిచి సంసారములు చేసికొనుచున్న పూర్వ విద్యార్థినులు కూడ చదువుదురు. ఈ వ్యాధి రెండవసారి వచ్చినప్పుడు ఇంటిలో మొదట వినవచ్చు మాట “శుభ్రత లేదు” అనునది. కొన్ని యిండ్లలో అంతకంటె కఠినమైన మాట వినవచ్చును; ఆమె నడతనే శంకింతురు. ఆ మాటకు వెఱచి స్త్రీ నోరు మూసికొనును, వైద్యుని యొద్దకు పోదు, అంగడిలో దొరకిన మందేదో రాచుకొని నెలలు గడపును. గడచిన ఇరువది యేండ్లకు పైగా శాస్త్రజ్ఞులు జరిపిన పరిశోధనలు ఈ నిందకు ఆధారము లేదని తేటపఱచినవి. వ్యాధి మరల మరల వచ్చుటకు కారణము పెక్కుచోట్ల ఆమె శీలమునందును లేదు, శుభ్రతయందును లేదు. ఆమె దేహమునకు కావలి కాయు మాంసకృత్తుల తీరులో నున్నది. ఈ సంగతిని వివరించుటయే ఈ వ్యాసమున కుద్దేశము.

ముందుగా ఆ సూక్ష్మజీవిని గూర్చి తెలిసికొందము. దాని పేరు కాండిడా ఆల్బికన్స్. లాటిను భాషలో కాండిడా యనగా తెల్లనిది. ఆల్బికన్స్ అనగా తెల్లనగుచున్నది. తెలుపును రెండు మారులు చెప్పిన పేరన్నమాట. 1923లో క్రిస్టీన్ బెర్కౌట్ అను డచ్చి విదుషి ఈ జాతికి కాండిడా యని పేరిడినది. పసిబిడ్డల నాలుకపై పెరుగు తరకల వలె తెల్లని పూత గట్టుట మన తల్లు లెఱుగుదురు. దానికి కారణమును ఇదియే. ఈ జీవి మన కెక్కడనుండియో వచ్చి పడిన శత్రువు కాదు. ఆరోగ్యవంతుల నోటను, ప్రేగులయందును ఇది ఉండుట సామాన్యము. ఏ బాధయు లేని స్త్రీలలో కూడ నూటికి పది మొదలు ఇరువది మంది యోనియందు ఇది నివసించుచుండును. దీనికి రెండు రూపములు గలవు. గుండ్రని గింజ వలె నున్నంతకాలము ఇది సాధువు. ఆ గింజ మొలకెత్తి సన్నని పోగు వలె సాగినపుడు చర్మపు పొరలోనికి చొచ్చుకొనిపోవును. అపుడే కీడు మొదలగును.

ఇది గింజ రూపముననే అణగియుండుటకు ఇంటిలోనే ఒక కట్టుబాటు కలదు. పాలను పెరుగుగా తోడుకొనజేయు సూక్ష్మజీవుల జ్ఞాతులగు లాక్టోబాసిల్లులు అను మేలు చేయు బాక్టీరియాలు అచ్చట కాపురముండి, పులుపునిచ్చు లాక్టిక్ ఆమ్లమును తయారు చేయుచు, ఇతర సూక్ష్మజీవులను అదుపులో నుంచుటకు తోడ్పడును. మఱొక వ్యాధికై యాంటీబయాటిక్ మందు పుచ్చుకొన్నపుడు ఆ మందు చెడ్డవానితోపాటు ఈ మంచివానిని కూడ చంపును. అపుడు బూజునకు తీరిక చిక్కును. ఈ సందర్భమున మన తెలుగువారు గర్వింపదగిన పేరొకటి చెప్పవలసియున్నది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థకు పరిశోధనాధ్యక్షులై యున్నకాలమున, అచ్చటనే బెంజమిన్ డగ్గర్ అను శాస్త్రజ్ఞుడు ఆరియోమైసిన్ అను మందును కనుగొనెను; 1948లో అది లోకమునకు వెల్లడియయ్యెను. పలువిధములైన బాక్టీరియాలను ఒక్కమారే చంపగల అట్టి మందులు లెక్కకు మిక్కిలి ప్రాణములను కాపాడినవి. కాని వాని వాడుక పెరిగినకొలది బూజు వ్యాధులును పెరుగుట వైద్యులు గమనించిరి. ఏ మేలునకైనను ఒక మూల్యముండును గదా!

ఆ బూజును చంపు మందు కొఱకు అన్వేషణ సాగినది. న్యూయార్కు రాష్ట్ర ఆరోగ్య శాఖలో పనిచేయుచుండిన ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ అను ఇరువురు స్త్రీలు, ఒకరు న్యూయార్కు నగరమునను, మఱొకరు ఆల్బనీయందును ఉండి, మట్టి నమూనాలనుండి తీసిన పదార్థములను టపాలో పంపుకొనుచు పరిశోధించిరి. వర్జీనియాలోని ఒక పాడి క్షేత్రపు మట్టినుండి లభించిన మందును 1950లో వారు ప్రకటించిరి. రాష్ట్రము పేరు కలియునట్లు దానికి నిస్టాటిన్ అని పేరుంచిరి. దాని వలన వచ్చిన ధనమును వారు తమకై ఉంచుకొనక శాస్త్ర పరిశోధనలకే వినియోగించిరి. తరువాత ఫ్లూకొనజోల్ అను మాత్ర వచ్చి వైద్యమును మఱింత సులభము చేసినది.

మందు దొరకినది గదా, ఇంక చిక్కేమి యని పాఠకు లడుగవచ్చును. 2004లో ప్రకటితమైన ఒక పెద్ద పరిశీలన ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుచున్నది. పునరావృత వ్యాధి గల స్త్రీలలో కొందఱికి వారమునకొక ఫ్లూకొనజోల్ మాత్ర చొప్పున ఆఱు నెలలు ఇచ్చిరి; తక్కినవారికి మందులేని మాత్ర ఇచ్చిరి. ఆఱవ నెల ముగియునాటికి మందు పుచ్చుకొన్నవారిలో నూటికి 91 మంది వ్యాధి లేక యుండిరి. రెండవ వర్గములో 36 మంది మాత్రమే అట్లుండిరి. కాని మందు ఆపిన పిదప మఱి ఆఱు నెలలు చూడగా, మందు వాడినవారిలో కూడ వ్యాధి లేనివారు నూటికి 43 మందికి దిగిపోయిరి. అనగా మందు బూజును అణచినది గాని, బూజు మరల తలయెత్తుటకు గల కారణమును తొలగింపలేదు. ఆ కారణమును బూజులో మాత్రమే గాక బూజునకు ఆశ్రయమిచ్చిన శరీరములో కూడ వెదకవలసి వచ్చెను.

శరీరములో కావలి పని చేయునవి ముఖ్యముగా కణములును, ఆ కణములు తయారు చేయు మాంసకృత్తులును. మాంసకృత్తు లనగా పప్పులోను, గ్రుడ్డులోను ఉండు ఆహార పదార్థమని మాత్రమే మన విద్యార్థులు తలంతురు. అమినో ఆమ్లములు అను చిన్న చిన్న మణులను వరుసగా గ్రుచ్చిన గొలుసే మాంసకృత్తు. మణుల వరుసను బట్టి గొలుసు మడతపడి ఒక ఆకారమును దాల్చును. ఆ ఆకారమును బట్టి దాని పని నిర్ణయమగును. ఏ మణి తరువాత ఏ మణి రావలయునో వ్రాసియున్న గ్రంథమే జన్యువు. తల్లిదండ్రులనుండి బిడ్డకు సంక్రమించునది ఆ గ్రంథమే.

తెల్లరక్తకణముల ఉపరితలమున డెక్టిన్-1 అను మాంసకృత్తు ఒకటి కలదు. బూజు కణమునకు బయట గోడ యుండును. ఆ గోడలో బీటా గ్లూకాన్ అను పిండి జాతి పదార్థముండును. మన శరీరములో నట్టి పదార్థము తయారు కాదు. కావున దానిని తాకిన వెంటనే “వచ్చినవాడు మనవాడు కాడు” అని గుర్తింపవచ్చును. డెక్టిన్-1 చేయు పని యిదియే. ఇది ద్వారపాలకుని కన్ను వంటిది. అది చూచిన వార్తను కార్డ్-9 అను మఱొక మాంసకృత్తు కణము లోపలికి చేరవేయును. అటుపై కణము ఇంటర్ల్యూకిన్లు అను వార్తాహరులను బయటికి పంపి ఇరుగుపొరుగు కణములను మేల్కొలుపును.

నెదర్లాండ్సులోని నైమేగెన్ నగరపు పరిశోధకులు, ఇతర దేశములవారితో కలిసి, 2009లో ఒక కుటుంబమును గూర్చి ప్రకటించిరి. ఆ కుటుంబమున నలుగురు స్త్రీలకు పునరావృత యోని వ్యాధి గాని, గోళ్లను పట్టు బూజు గాని కలిగెను. వారి జన్యువులను పరీక్షింపగా డెక్టిన్-1 గ్రంథములో ఒక్క అక్షరము మాఱియుండెను. ఆ మాంసకృత్తులో 247 మణు లుండవలయును. కాని 238వ చోట మణికి బదులు “ఇచ్చట ఆపుము” అను గుర్తు పడినది. వాక్యము ముగియక ముందే పూర్ణవిరామము పెట్టినట్లు, చివరి పది మణులు లేకయే గొలుసు తెగిపోయినది. అట్టి డెక్టిన్-1 కణముపై సరిగా నిలువదు, బూజు గోడను పట్టుకొనదు. వార్తాహరులు తగినంతగా వెలువడరు. ఇందొక విశేషము కలదు. వారి తెల్లకణములు బూజును మ్రింగి చంపు శక్తిని కోల్పోలేదు. అందుచేతనే వ్యాధి పై పొరలను పట్టినదే గాని రక్తములో ప్రవేశించి ప్రాణాపాయము చేయలేదు. సిపాయికి బలమున్నది, కత్తి యున్నది. కనుచూపు మాత్రము మందగించినది. ఇందు ఆ స్త్రీల తప్పేమున్నది?

ఇట్టి లోపములు మఱికొన్ని చోట్లను కానవచ్చినవి. కాలేయములో తయారై రక్తములో తిరుగుచుండు ఒక మాంసకృత్తు బూజు గోడపైనున్న మన్నోజ్ అను చక్కెరను పట్టుకొని, దానిని నాశము చేయుడని ఇతర మాంసకృత్తులకు గుఱుతు పెట్టును. దానిని మన్నోజ్‌ను పట్టు లెక్టిన్ అందురు. కొందఱి జన్యువులలోని మార్పు వలన ఇది తక్కువగా తయారగును. పునరావృత వ్యాధి గల స్త్రీలలో ఆ మార్పు ఎక్కువగా నున్నట్లు కొన్ని పరిశీలనలలో తేలినది. ఇంటర్ల్యూకిన్-17 అను వార్తాహరుని సంగతియు నిట్టిదే. పుట్టుకతోనే ఆ వార్తాహరుడు గాని, ఆ వార్తను అందుకొను గ్రాహకము గాని లోపించినవారికి నోటను, చర్మమునను బూజు విడువక పట్టునని 2011లో ఫ్రెంచి పరిశోధకుల ఆధ్వర్యమున వెల్లడియైనది. అయితే ఈ వార్తాహరుని ప్రాముఖ్యము నోటియందు స్పష్టమైనంతగా యోనియందు స్పష్టము కాలేదు. ఒకే దేహములో ఒక్కొక్క ద్వారమునకు ఒక్కొక్క తీరు కావలి యున్నదని దీనివలన తెలియుచున్నది.

ఇంతవఱకు కావలివాడు నిదురించిన కథ చెప్పితిని. దీనికి సరిగా వ్యతిరేకమైన కథ యొకటి కలదు. పెక్కుమంది స్త్రీలలో జరుగునది ఈ రెండవదేయని శాస్త్రజ్ఞులు ఇప్పుడు భావించుచున్నారు.

2004లో అమెరికాలో ఆరోగ్యవతులైన కొందఱు స్త్రీలు తమ యిష్టముతో ఒక పరీక్షకు ఒప్పుకొనిరి. సజీవమైన కాండిడాను వారి యోనియందుంచి ఏమి జరుగునో చూచిరి. కొందఱికే దురద, మంట కలిగినవి. అట్టివారి స్రావములో న్యూట్రోఫిల్ అను తెల్లకణములు మెండుగా చేరియుండెను. ఏ బాధయు కలుగనివారిలో ఆ కణముల దండయాత్ర లేదు. వారి దేహము బూజును నెమ్మదిగా సహించినది. అనగా బాధకు కారణము బూజు మాత్రమే కాదు. బూజును చూచి శరీరము చేయు అలజడియే పెక్కు పాలు. ఆ అలజడికి మొదలెక్కడనో 2016లో మఱింత తేటపడినది. బూజు పోగు రూపము దాల్చినపుడు 31 మణులు గల కాండిడాలైసిన్ అను చిన్న గొలుసును విడుచునని, అది మన చర్మపు కణములకు రంధ్రములు చేయునని కనుగొనిరి. గాయపడిన కణములు నగారా మ్రోగించును. ఎస్100 అను జాతి మాంసకృత్తులు ఆ నగారాలలో కొన్ని. ఎన్‌ఎల్‌ఆర్‌పీ-3 అను మఱొక మాంసకృత్తు ఆ మ్రోతను హెచ్చించును. ఆ ధ్వనికి న్యూట్రోఫిల్లులు గుంపులుగా వచ్చును. వచ్చి బూజును చంపునా యనిన, అదియు సరిగా జరుగదు. ఆ ప్రదేశమున నుండు హెపరాన్ సల్ఫేట్ అను పదార్థము వానికిని బూజునకును అడ్డుపడునని చిట్టెలుకలపై జరిపిన పరిశోధనలలో తేలినది. శత్రువు చిక్కలేదన్న ఆగ్రహమున సైనికులు ఇంటినే పాడు చేయుదురు. ఎలుకమీద కోపముతో ఇల్లు తగులబెట్టుకొన్నట్లు అని మన పెద్దలు చెప్పిన సామెత ఇచ్చట అక్షరాల సరిపోవును. ఎన్‌ఎల్‌ఆర్‌పీ-3 జన్యువులోని కొన్ని భేదములు పునరావృత వ్యాధి గలవారిలో ఎక్కువగా నున్నట్లును నైమేగెన్ పరిశోధకులు గమనించిరి.

కావున ఒకే పేరుగల వ్యాధి వెనుక రెండు విధములైన దేహములు ఉండవచ్చును: కావలి చాలనిది యొకటి, కావలి హద్దు మీఱినది యొకటి. శరీరములో రోగనిరోధక శక్తి యెంత ఎక్కువైన అంత మేలని సామాన్యముగా మనము తలంతుము. దానిని పెంచుటకని చూర్ణములును పానకములును కొందుము. ఈ వ్యాధి ఆ తలంపును సరిదిద్దుచున్నది. కావలసినది శక్తి మాత్రమే కాదు, మితము కూడ. మధుమేహము అదుపు తప్పినపుడును, గర్భము ధరించినపుడును, యాంటీబయాటిక్కులు వాడినపుడును ఆ మితము చెడును. వైద్యశాస్త్రము ఊరకుండలేదు. ఇబ్రెక్సాఫంగెర్ప్ అను మందు 2021లోను, ఒటెసెకొనజోల్ అను మందు 2022లోను అమెరికాలో ఆమోదము పొందినవి. బూజు పోగుపై నుండు ఒక మాంసకృత్తుతో తయారు చేసిన టీకాను పునరావృత వ్యాధి గల స్త్రీలపై పరీక్షించి 2018లో ఫలితములు ప్రకటించిరి. నలువది యేండ్లలోపు వారికి కొంత మేలు కానవచ్చినది. ఆ పరిశోధన ఇంకను సామాన్య వైద్యమునకు చేరలేదు.

ఇక ఇంటిలో ఆచరింపదగిన మాటలు కొన్ని. తెల్లని స్రావమెల్ల వ్యాధి కాదు. దురద, మంట, దుర్గంధము లేని కొలది స్రావము ఆరోగ్యవతులకును సహజము. తెల్లబట్టతో ఎముకలు కరిగిపోవునని, సత్తువ ఒలికిపోవునని చెప్పు మాట వట్టిది. దానికి వెఱవ నక్కఱలేదు. దురద గలదెల్ల బూజు వ్యాధియును కాదు. 2002లో అమెరికాలో ప్రకటితమైన ఒక పరిశీలనలో, తమంతట తామే బూజు మందు కొనిన 95 మంది స్త్రీలను పరీక్షింపగా, కేవలము బూజు వ్యాధి గలవారు మూడవ వంతు మాత్రమే. తక్కినవారిలో కొందఱికి బాక్టీరియా వలన కలుగు వేఱు వ్యాధులు, కొందఱికి ఏ వ్యాధియు లేకుండుటయు తేలెను. స్రావమును సూక్ష్మదర్శినితో చూచుట చిన్న పరీక్షయే. మరల మరల వచ్చువారు దానిని చేయించుకొనక మందు వాడరాదు. రక్తములో చక్కెర పరీక్షయు చేయించుకొనవలెను. దురదకని అంగడిలో అమ్ము లేపనములు కొన్నింటిలో స్టెరాయిడు కలిసియుండును. అది దురదను కొన్నాళ్లు అణచును గాని బూజునకు మేలు చేయును. సబ్బుతోను మందునీళ్లతోను లోపల కడుగుట మంచి బాక్టీరియాలకు చేటు. బయట మంచినీళ్లతో కడుగుకొనుట చాలును. గర్భిణులు ఫ్లూకొనజోల్ మాత్రను వైద్యుల నడుగక మ్రింగరాదు. దీనిని వైద్యులు సుఖవ్యాధులలో చేర్చలేదు. పెండ్లి కాని బాలికలకును ఇది రావచ్చును. కావున భార్యకు వచ్చినదని భర్తయు, భర్తవలన వచ్చినదని భార్యయు ఒండొరులను శంకింప బనిలేదు.

చివరగా, మన వంటివారికి ప్రత్యేకముగా కలుగు చిక్కొకటి చెప్పి ముగింతును. బరంపురము వంటి ఊళ్లలో తరతరములుగా నున్న మన తెలుగు స్త్రీలలో పెద్దవారు కొందఱు ఇంటి మాటనే ఎఱుగుదురు. ఆసుపత్రిలో వైద్యురాలు ఒడియాలో అడుగును. తల్లి బదులుగా బడికి పోవు కొడుకో కూతురో చెప్పవలసివచ్చును. బిడ్డ యెదుట నోరాడక తల్లి “కడుపు నొప్పి” యని చెప్పి వేఱు మందు తెచ్చుకొనును. అట్టివారు ఒక్క మాట గుర్తుంచుకొనిన చాలును. తెల్లబట్టకు శ్వేతప్రదరము అని సంస్కృతమున పేరు. తెలుగులో నెట్లో ఒడియాలోను ఆ మాట చెల్లును. కాగితముపై ఆ పేరును, ఎన్ని నెలలలో ఎన్నిమార్లు వచ్చినదో ఆ లెక్కయు, ఇంతకుముందు వాడిన మందుల పేర్లును వ్రాసికొనిపోయి వైద్యురాలి చేతికీయవచ్చును. పై తరగతుల బాలికలు తమ తల్లులకు ఆ కాగితమును వ్రాసియిచ్చుట చదువునకు తగిన పని. ఇంటి పెద్దలును, ముఖ్యముగా పురుషులు, కోడలు గాని కూతురు గాని ఈ బాధ చెప్పుకొనినపుడు నింద మాని ఆసుపత్రికి తీసికొనిపోవలెనని నా విన్నపము.